గోడ కొట్టి తీసిన కొత్త దారికి అంచుల పని: తరచుగా అడిగే ప్రశ్నలు

మన వైపు ఇళ్లలో ఇప్పుడు ఎక్కువగా జరిగే రిపేరు పని ఇదే. హాలుకూ వంటింటికీ మధ్య గోడ తీసి కలిపేస్తారు. కొడుకు పెళ్లికి ముందు పక్క గదికి లోపలి నుంచి దర్వాజ పెడతారు. చీకటి గదికి కిటికీ తీస్తారు. గోడ కొట్టడం ఒక్క పూటలో అయిపోతుంది. ఆ పని నిలబడుతుందా లేదా అన్నది మాత్రం అంచుల దగ్గర తేలుతుంది. నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ, మహబూబ్‌నగర్, వనపర్తి, గద్వాల వైపు ఇళ్లవాళ్లు సైటు మీద అడిగే ప్రశ్నలకు నేను చెప్పే జవాబులు ఇవి. అంచు బలం పైపూతలో ఉండదు, దాని వెనకున్న ఇటుకలో ఉంటుంది. కింద ఏ జవాబు చదివినా మళ్లీ అక్కడికే వస్తాం.

గోడ కొట్టకముందే అంచుల కోసం ఏమైనా చేయాలా?

చేయాలి. సగం పని అక్కడే ఉంది.

ముందు ఆ గోడ ఏం మోస్తోందో తెలుసుకోండి. పిల్లర్లు, బీములు వేసి కట్టిన ఇంట్లో మధ్య గోడ చాలావరకు తన బరువే మోసుకుంటుంది. దాన్ని తీయొచ్చు గానీ పిల్లరునూ బీమునూ గీరడం కూడా వద్దు. పిల్లర్లు లేకుండా తొమ్మిదించుల గోడల మీదే స్లాబు పోసిన ఇల్లయితే ఆ గోడలే ఇంటిని మోస్తున్నట్టు. పాత మిద్దె ఇల్లయితే దూలాలు, దంతెలు ఏ గోడ మీద ఆనుతున్నాయో చూడాలి. ఇలాంటి చోట ఇంజనీరు వచ్చి చూసేదాకా సుత్తె ఎత్తొద్దు.

తర్వాత కొలత. చేతికి ఎంత దారి కావాలో అంతే కొడితే అంచుల పనికి చోటు మిగలదు. రెండు పక్కలా ప్లాస్టరు కోసం ఇంచుకు కాస్త తక్కువ, గ్రానైట్ పట్టీ వేయాలనుకుంటే దాని మందం, వెనక మాలు (సిమెంటు, ఇసుక కలిపిన ముద్ద) కలిపి ఇంచుంపావు దాకా వదలాలి. మూడడుగుల దారి కావాలంటే గ్రానైట్‌కు మూడడుగుల రెండున్నర ఇంచులు కొట్టుకోవాలన్నమాట. అంచుకు ఏం వేయాలో గోడ కొట్టాక ఆలోచిద్దాం అనుకునేవాళ్లు ఇక్కడే దెబ్బ తింటారు.

గీత గోడకు రెండు వైపులా గీయాలి. నాలుగు మూలల్లో డ్రిల్లుతో ఆరపార రంధ్రం వేసి, ఆ రంధ్రాలను కలుపుతూ అవతలి వైపు కూడా గీత గీస్తే రెండు గీతలూ ఎదురెదురుగా వస్తాయి. ఆ గీత మీద కటింగ్ మిషన్ నడిపించండి. నాలుగించుల బ్లేడు ఇంచుకు కొంచెం పైన మాత్రమే లోపలికి పోతుంది. గోడ మొత్తం తెగదు గానీ ప్లాస్టరు శుభ్రంగా తెగుతుంది, దాంతో గోడంతా ప్లాస్టరు పెచ్చులుగా లేచిరాదు. ఇక పై నుంచి కిందికి, ఒక్కో ఇటుకా శానంతో (ఉలితో) తీసుకుంటూ రావాలి. సమ్మెటతో ఒక్క దెబ్బ వేస్తే పోయేది ఎదురుగా ఉన్న ఇటుక ఒక్కటే కాదు, అడుగు దూరంలో ఉన్నవి కూడా మాలు వదిలి కదులుతాయి. అవి కనపడవు. తర్వాత పగులుగా బయటపడతాయి.

మొదలుపెట్టే ముందు మెయిన్ ఆపడం మర్చిపోవద్దు. గోడలో కరెంటు పైపు ఎటు పోయిందో స్విచ్ బోర్డు చూసి అంచనా వేసుకోండి.

లింటెల్ (దారి పైన అడ్డంగా వేసే కాంక్రీటు దిమ్మ) లేకుండా చిన్న దారి తీయొచ్చా? పై ఇటుకలు వాటంతటవే నిలబడ్డాయి కదా?

వద్దు. పై ఇటుకలు ఒకదానికొకటి ఆనుకుని కొంతకాలం నిలబడతాయి. కానీ వాటి కింద మీరు వేసిన ప్లాస్టరును ఎత్తి పట్టుకునేది ఏమీ ఉండదు. తలుపు వేసి తీసినప్పుడల్లా అదురుతుంది, పై అంచు ముందు గీతలా పగిలి తర్వాత ముక్కగా ఊడి పడుతుంది.

లింటెల్ రెండు పక్కలా గోడలోకి కనీసం ఆరించులు పోవాలి. తొమ్మిదించుల గోడలో నేను ఎనిమిది, తొమ్మిది ఇంచులు అడుగుతాను. కింద సెంట్రింగ్ (కాంక్రీటు గట్టిపడేదాకా ఆపే చెక్కల అచ్చు) కట్టి అక్కడే పోయడం ఒక పద్ధతి. నేలమీద పోసి నీళ్లు కట్టి (రోజూ తడిపి ఉంచి), గట్టిపడ్డాక ఎత్తి పెట్టడం ఇంకో పద్ధతి. ఇళ్లలో మనుషులు ఉంటుండగా చేసే పనికి రెండోదే నాకు నచ్చుతుంది, ఇంటి మధ్యలో కట్టెలు నిలబెట్టి రోజుల తరబడి తిరగాల్సిన బాధ తగ్గుతుంది. అక్కడే పోస్తే మాత్రం కింది సపోర్టు 14 రోజులు తీయొద్దు. ఆరు మీటర్ల లోపు బీములకు, కాంక్రీటు పనికి మన దేశపు ప్రమాణమైన ఐ.ఎస్. 456 చెప్పే గడువు కూడా అదే.

లింటెల్‌కూ దాని పైనున్న పాత ఇటుకలకూ మధ్య సందును చాలామంది చేత్తో మాలు పూసి మూసేస్తారు. లోపల బోలుగా ఉంటుంది, పై గోడ దిగడానికి ఆ చోటు చాలు. కాస్త పొడిగా కలిపిన మాలును కట్టె ముక్కతో కొట్టి కొట్టి నింపితేనే బరువు లింటెల్ మీద ఆనుతుంది.

ఇటుకలు పళ్లు పళ్లుగా బయటకు వచ్చాయి. వాటిని సమం చేయడం ఎలా?

అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇది. ఎక్కువ ఇళ్లలో తప్పు జరిగేది కూడా ఇక్కడే.

గోడ తీశాక అంచు చూడండి. ఒక వరుసలో ఇటుక నిండుగా ఉంటుంది, దాని పై వరుసలో సగానికి విరిగి ఉంటుంది. విరిగిన చోట నాలుగించుల గుంట. ఆ గుంటలో పొడి, చిన్న పెళ్లలు, పాత మాలు ముక్కలు ఇరుక్కుని ఉంటాయి. తొందరలో ఉన్న మనిషి ఏం చేస్తాడంటే, తాపీతో చిక్కటి మాలు ఆ గుంటలోకి విసిరి, కట్టె పెట్టి లాగి, సాయంత్రానికి అంచు నీట్‌గా చూపిస్తాడు. ఆ నాలుగించుల మాలు ఎండేటప్పుడు ముడుచుకుంటుంది. వెనక పొడి ఉంది కాబట్టి ఇటుకను పట్టుకోదు. వేలితో తట్టి చూస్తే డొల్ల చప్పుడు వస్తుంది.

సరైన పద్ధతి మెల్లగా సాగేదే. ముందు ప్రతి ఇటుకనూ చేత్తో కదిపి చూడాలి. కదిలింది అంటే తీసేయాల్సిందే, అది ఎంత నిండుగా కనపడ్డా సరే. పొడిని బ్రష్షుతో ఊడ్చి, నీళ్లు చల్లి కడగాలి. ఇటుక తడి పీల్చుకున్నాక, నీటి మెరుపు పోయాక పని మొదలుపెట్టాలి. పొడి ఇటుక మాలులోని నీళ్లు లాగేస్తుంది, సిమెంటు గట్టిపడటానికి నీళ్లు మిగలవు.

గుంటల్లో మాలు కాదు, ఇటుక ముక్కలు పెట్టి కట్టాలి. సగం ఇటుక పట్టేచోట సగం ఇటుక, పావు పట్టేచోట పావు. సిమెంటు ఒకటికి ఇసుక నాలుగు కలిపిన మాలుతో, చుట్టూ మాలు నిండేలా. అంటే అంచును పూయడం కాదు, అంచును కడుతున్నాం. ఆ కట్టుబడికి రెండు మూడు రోజులు నీళ్లు కట్టాక అప్పుడు ప్లాస్టరు. ప్లాస్టరు ఒక పూతలో 12 నుంచి 15 మిల్లీమీటర్లు దాటొద్దు. ఇంకా లోతు ఉంటే మొదటి పూత గీతలు గీసి వదిలి, మర్నాడు రెండో పూత వేయాలి.

ఈ ఒక్క దశ సరిగా చేయిస్తే మిగతా పనిలో చిన్న లోపాలున్నా ఇల్లు ఓర్చుకుంటుంది.

కొత్త ప్లాస్టరు, పాత ప్లాస్టరు కలిసే చోట గీత పడకుండా ఉండాలంటే?

పాత ప్లాస్టరు ఎన్నడో ఎండి ముడుచుకోవడం అయిపోయింది. కొత్తది ఇప్పుడు ముడుచుకుంటుంది. రెండింటినీ అంచుకు అంచు తగిలిస్తే మధ్యలో గీత రాక తప్పదు.

పాత ప్లాస్టరును దారి అంచు నుంచి ఆరించులు వెనక్కి చెక్కేయండి, ఇటుక బయటపడాలి. పాత కట్టుబడీ కొత్త కట్టుబడీ కలిసే చోట కోళ్ల జాలీని రెండింటి మీదా పరుచుకునేలా మేకులు కొట్టి బిగించండి. జాలీ ఇటుకకు అతుక్కుని ఉండకూడదు, కింద కాస్త సందు ఉంటే మాలు దాని వెనక్కి పోయి పట్టుకుంటుంది. మిగిలిన పాత ప్లాస్టరు అంచు మీద సిమెంటు పాలు గానీ, షాపులో దొరికే బాండింగ్ ద్రావణం కలిపిన సిమెంటు గానీ రాసి, అది ఆరకముందే కొత్త మాలు వేయాలి. ఆరిపోయాక వేస్తే లాభం లేదు సరికదా, నున్నటి పొరలా అడ్డం పడుతుంది.

లింటెల్ కింది భాగం నున్నగా ఉంటుంది. దాని మీద శానంతో దగ్గర దగ్గరగా గాట్లు పెట్టకుండా ప్లాస్టరు చేయనివ్వొద్దు.

ఇసుక విషయం ఒక మాట. రాయిని మరపట్టి చేసిన రోబో సాండ్‌తో ప్లాస్టరు చేయొచ్చు, కానీ ప్లాస్టరు కోసం అమ్మే సన్నరకమే తెప్పించండి. మెత్తటి రాతి పిండి ఎక్కువగా ఉన్నదయితే వెంట్రుక గీతలు వస్తాయి. ఏ ఇసుకైనా జల్లెడ పట్టాలి.

దారి సూటిగా ఉందో లేదో మేం చూసుకోవడం ఎలా?

గుండు దారం, మూలమట్టం, టేపు చాలు. రెండు పక్కల అంచులకూ గుండు వేలాడదీసి పైనా కిందా దూరం కొలవండి. ఎదురు మూలల మధ్య అడ్డంగా కొలిచిన రెండు కొలతలూ సమానంగా ఉంటే దారి చౌకంగా ఉన్నట్టే.

పాత ఇళ్లలో గోడ మందమే పైనొకటి, కిందొకటి ఉంటుంది. ప్లాస్టరు అంచయితే ఆ తేడా కంటికి ఆనదు. అదే గోడకు ఒకే వెడల్పు గ్రానైట్ పట్టీ వేస్తే, పైన గోడతో సమంగా ఉండి కింద అరించు బయటకు కనపడుతుంది. అందుకే పట్టీలు కోయించే ముందు గోడ మందం మూడు చోట్ల కొలిచి, ఎక్కువ వచ్చినదానికి రెండు వైపులా పావించు కలిపి కోయించండి. తక్కువ ఉన్నచోట గోడ ప్లాస్టరునే కాస్త పైకి తెచ్చి కలపాలి.

మూల సూదిగా ఉంచాలా, గుండ్రంగా చేయాలా?

నన్నడిగితే తలుపు లేని దారికి గుండ్రటి మూలే మేలు. బీరువా, మంచం, వడ్ల బస్తా, పిల్లల సైకిలు అన్నీ ఆ మూలకే తగులుతాయి. సూది మూల ఎంత గట్టి మాలుతో చేసినా పెచ్చులు లేస్తుంది. మాలు పచ్చిగా ఉన్నప్పుడు చిన్న పైపు ముక్కను పొడవునా కోసి దానితో పైనుంచి కిందికి లాగితే ఒకే తీరు గుండ్రం వస్తుంది. పసిపిల్లలు, పెద్దవాళ్లు ఉన్న ఇంట్లో ఇంకో ఆలోచనే అక్కర్లేదు.

సూది మూలే కావాలనుకునేవాళ్లు ప్లాస్టరు కంటే ముందే కార్నర్ బీడ్ (మూలకు బిగించే సన్నటి పట్టీ) పెట్టించుకోవాలి. జింకు పూత ఉన్నది గానీ ప్లాస్టిక్‌ది గానీ తీసుకోండి. బాత్రూము పక్కన అయితే ప్లాస్టిక్‌దే. దాన్ని గుండుకు సరిచూసి బిగిస్తే అదే మేస్త్రికి గీటుగా పనికొస్తుంది, మూల వంకర పోదు.

ఉత్త ప్లాస్టరు, చెక్క, గ్రానైట్, డబ్ల్యూ.పీ.సీ. (చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసినది): ఏది వేయించాలి?

తలుపు పెడతారా లేదా అన్నదాన్ని బట్టి.

తలుపు లేని దారికి, మంచి ప్లాస్టరుకు మించింది అక్కర్లేదని నా అభిప్రాయం. తడి చేతులు తగిలే వంటింటి దారి, జనం రాకపోకలు ఎక్కువున్న దారి అయితే గ్రానైట్ పట్టీ పెట్టుబడి వృథా పోదు. మరక త్వరగా పట్టదు, తుడిస్తే పోతుంది. పట్టీ ఖరీదు చదరపు అడుగుల లెక్క, అంచు మోల్డింగ్ పాలిష్‌కు అడుగు పొడవు లెక్క. రెండూ విడివిడిగా అడిగి రాయించుకోండి, లేకపోతే బిల్లు చూసి ఆశ్చర్యపోతారు. కడప రాయి ఇంకా చవకే గానీ, నిలువు అంచుకు దెబ్బ తగిలితే పొరగా లేస్తుంది. నేను దాన్ని అరలకు, లోపలి కిటికీ దిమ్మెలకు వాడతాను, దారి పక్కలకు వాడను.

గ్రానైట్ బిగించేటప్పుడు ఒకటే భయం, పైన అడ్డంగా వచ్చే పట్టీ. దాన్ని మాలు మీదో గమ్ము మీదో నమ్మి వదలకూడదు, అది తల మీద ఉండే బరువు. పక్క పట్టీల మీద ఆ పై పట్టీ కూర్చునేలా కొలత పెట్టించండి, అప్పుడు గమ్ము వదిలినా రాయి కింద పడదు. పట్టీ వెనక వైపు పాలిష్ బురద ఎండి ఉంటుంది, కడిగి ఆరబెట్టాకే అతికించాలి. వెనక నాలుగు ముద్దలు పెట్టి అదిమేస్తే ముద్దల మధ్య బోలు మిగులుతుంది, గట్టిగా తగిలితే రాయి అక్కడే పగులుతుంది. వెనక మొత్తం నిండాలి.

తలుపు ఉంటే చౌకట్ (తలుపు చట్రం) కావాలి. టేకు అయితే మంచిదే, ఖరీదు మీకే తెలుసు. ఊళ్లలో వేప చెక్క కూడా వాడతారు. బాగా ఎండినదైతే పర్వాలేదు, పచ్చిదైతే బిగించాక మెలిపడుతుంది. తలుపు పట్టేస్తుంటే తప్పు తలుపుదనుకుని రాందా పట్టి చెక్కిస్తారు గానీ, అసలు మెలిక చౌకట్‌లో ఉంటుంది. గోడకు ఆనే వెనక వైపుకు తారు గానీ చెదల మందు గానీ రాయకుండా బిగించనివ్వొద్దు, బిగించాక ఆ ముఖం మళ్లీ కనపడదు. ఒక్కో పక్కకు మూడు క్లాంపులు (గోడలోకి దిగే ఇనుప పట్టీలు) ఉండాలి. చెదల బాధ ఉన్న ఇళ్లకు, బాత్రూములకు డబ్ల్యూ.పీ.సీ. లేదా గ్రానైట్ చౌకటే సుఖం.

చౌకట్‌కూ గోడకూ మధ్య సందులో ఇప్పుడు ఫోమ్ కొడుతున్నారు. అది సందు మూయడానికే, చౌకట్‌ను పట్టుకోవడానికి కాదు. పైగా ఉబ్బేటప్పుడు చౌకట్‌ను లోపలికి నెడుతుంది. కొట్టే ముందు చౌకట్ లోపల అడ్డంగా కట్టె ముక్కలు బిగించి ఉంచాలి.

మాది పాత మట్టి గోడ, రెండడుగుల మందం. సిమెంటుతో అంచు చేయొచ్చా?

దయచేసి నేరుగా చేయొద్దు.

వనపర్తి వైపు ఒక పాత మిద్దె ఇంట్లో లోపలి గదికి దారి తీసేటప్పుడు చూశాను. పైపూత చెక్కగానే రాళ్ల మధ్య నుంచి ఎర్రమట్టి సన్నగా కారడం మొదలైంది. అందులో ఎండిన గడ్డి పోచలు, చెదల గొట్టాలు. బయటికి ఒక వరుస రాళ్లు, లోపలికి ఒక వరుస రాళ్లు, నడుమ చిన్న రాళ్లూ మట్టీ. గోడ ఒక్కటిగా కనపడుతుంది గానీ లోపల రెండు గోడలు, వాటి మధ్య నింపుడు. కోసిన చోట ఆ నింపుడుకు ఆధారం పోతుంది. మీరు ఎంత పూసినా వెనక మట్టి జారుతూనే ఉంటుంది.

ఇలాంటి గోడలో అంచును కొత్తగా కట్టాల్సిందే. కావలసినదాని కంటే రెండు పక్కలా ముప్పావు అడుగు ఎక్కువ తీసి, ఆ చోట గోడ మందం మొత్తానికి ఇటుక కట్టుబడి లేపాలి. నాలుగైదు వరుసలకు ఒకసారి ఇటుకను పాత రాళ్ల మధ్యకు పొడిగించి కలపాలి. లింటెల్ కూడా గోడ మందం మొత్తానికి ఉండాలి, ముందు వైపు ఒకటి వేసి వదిలేస్తే వెనక వరుస గాల్లో వేలాడుతుంది. పాతవాళ్లు దర్వాజ మీద చెక్కలు పక్కపక్కన పేర్చి గోడ మందమంతా మోయించారు, మీ ఇంట్లో పాత దర్వాజ పైన చూస్తే కనపడుతుంది. ఒకేసారి మొత్తం తెరవకుండా, దూలాలకు కింద కట్టెలు నిలబెట్టి, కొంచెం కొంచెంగా తీయాలి. అనుభవం ఉన్న సుతారి (తాపీ మేస్త్రి) పని ఇది, మామూలు కూలి పని కాదు.

పైపూతకు సున్నం, ఇసుక కలిపిన మాలు మంచిది. మట్టి గోడ నేల నుంచి తడి పీలుస్తుంది, ఆ తడి గోడ ముఖం నుంచి ఆరిపోవాలి. సిమెంటు పూత దానికి అడ్డం పడుతుంది. లోపల తడి, ఉప్పు పేరుకుని కొన్నాళ్లకు పూత రేకులా లేచిపోతుంది. సున్నం మెల్లగా గట్టిపడుతుంది, పలచటి పూతలుగా వేస్తూ తడి ఆరకుండా చూసుకోవాలి. అంత ఓపిక లేనివాళ్లకు ఒక మంచి దారి ఉంది: గోడ మందమంతా కప్పేలా చెక్క పెట్టె లాంటి చౌకట్ చేయించి బిగించడం. అంచు దెబ్బలు చెక్క తింటుంది, గోడ మీద భారం పడదు. పాత ఇంటికి అందం కూడా అదే.

హాలు నుంచి వంటింట్లోకి కిటికీ లాంటి దారి తీసి కింద గట్టు పెట్టాలనుకుంటున్నాం. జాగ్రత్తలేమిటి?

గట్టు రాయి రెండు వైపులా మాలు మీద నిండుగా కూర్చోవాలి. హాలు వైపు ఆరించుల కంటే ఎక్కువ బయటకు వస్తే కింద ఇనుప సపోర్టు పెట్టించండి. రాయి మూలలు గుండ్రంగా కోయించాలి, అవి సరిగ్గా పిల్లల తల ఎత్తులో ఉంటాయి. గట్టుకూ గోడకూ మధ్య గీతలో సిలికాన్ నింపితే నీళ్లు ప్లాస్టరులోకి దిగవు.

బయటి గోడలో కిటికీ తీశాం. వాన వస్తే అంచు తడుస్తోంది.

కింది దిమ్మె వాలు చూడండి. బయటి వైపుకు కనీసం పది మిల్లీమీటర్ల వాలు ఉండాలి. దిమ్మె రాయి గోడ కంటే ఇంచున్నర బయటకు వచ్చి, దాని అడుగున పొడవునా ఒక గాడి ఉండాలి. నీళ్లు ఆ గాడి దగ్గర తెగి కింద పడతాయి, లేకపోతే రాయి అడుగు వెంబడి వెనక్కి పాకి గోడలోకి పోతాయి. సజ్జ అడుగున కూడా అదే గాడి కావాలి. సజ్జ లేకుండా తీసిన కిటికీకి ఎన్ని సిలికాన్ ట్యూబులు పెట్టినా మన ఈదురుగాలి వానలకు ఆగదు.

గోడ తీసిన చోట నేల మీద తొమ్మిదించుల గాడి మిగిలింది. ఏం చేయాలి?

పాత బండల రంగుకు కొత్త బండ కలవదు. షాబాద్ బండైనా తాండూరు బండైనా ఏళ్ల తరబడి తుడిచి నడిచిన రంగు వేరు. కలపడానికి తంటాలు పడకుండా, కావాలనే వేరుగా కనపడే నల్ల గ్రానైట్ పట్టీ ఒకటి అడ్డంగా వేయించండి, అది ముందే అనుకున్నట్టు ఉంటుంది. కింద పునాది గోడ ఉంటుంది, దాన్ని రెండించులు లోతుకు చెక్కి కాంక్రీటు పోసి పైన పట్టీ పరచాలి. రెండు గదుల నేల ఎత్తుల్లో తేడా ఉంటే పట్టీకి అటూ ఇటూ చిన్న వాలు ఇవ్వండి, మెట్టు వద్దు. చీకట్లో కాలు తగిలేది ఆ అరించు మెట్టుకే.

కడప (గడప) కావాలా వద్దా అని అడుగుతారు. పసుపు కుంకుమలు పెట్టే కడప తలవాకిలికి ఉంటే చాలని చాలా ఇళ్లలో ఒప్పుకుంటున్నారు. లోపలి దారికి కూడా కావాలని ఇంట్లో పెద్దవాళ్లంటే పలచటి పట్టీతో పెట్టించండి. వాస్తు చూపించుకునేవాళ్లు గీత గీయకముందే చూపించుకోవాలి. అంచు కట్టాక మూడించులు పక్కకు జరపమంటే మొదటి నుంచీ చేయాల్సిందే.

మా బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది. మాలుకు, నీళ్లు కట్టడానికి పనికొస్తాయా?

మర్రిగూడ, మునుగోడు వైపు వాళ్లు ఈ ప్రశ్న తప్పకుండా అడుగుతారు, అడగాల్సిందే. తాగే నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉంటే ఎముకలకూ పళ్లకూ చేటు. సిమెంటుకు చేటు చేసేది మాత్రం నీళ్లలోని ఉప్పు, క్లోరైడ్లు. ఐ.ఎస్. 456 ప్రకారం లింటెల్ లాంటి ఇనుము ఉన్న కాంక్రీటుకు వాడే నీళ్లలో క్లోరైడ్లు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు, ఇనుము లేనిదానికి 2000 దాకా పర్వాలేదు. పీహెచ్ 6 కంటే తగ్గకూడదు. నాలుక మీద ఉప్పగా తగిలే బోరు నీళ్లతో లింటెల్ పోయొద్దు, లోపల ఊచ తుప్పు పట్టి ఉబ్బితే పై అంచంతా పగులుతుంది. కనీసం లింటెల్ వరకు మిషన్ భగీరథ నల్లా నీళ్లు వాడండి. ఉప్పు నీళ్లతో ప్లాస్టరు చేస్తే అంచుల మీద తెల్లగా చౌడు పూస్తుంది, రంగు నిలవదు.

నీళ్లు ఎన్ని రోజులు కట్టాలి?

ఏడు రోజులు తగ్గొద్దు. అంచుకు రెండు ముఖాల నుంచీ గాలి తగులుతుంది కాబట్టి గోడ కంటే ముందే ఆరిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున చల్లిన నీళ్లు పది గంటలకే ఉండవు. తడి గోనె సంచులు అంచు మీద వేలాడదీసి, వాటి మీద పోయడమే మార్గం. ఆ నెలల్లో ఎండ తగిలే కిటికీ అంచును సాయంత్రం పూట చేయించుకోండి.

లప్పం (రంగుకు ముందు పూసే పుట్టీ), రంగు ఎప్పుడు?

ప్లాస్టరు 28 రోజులు ఆరాక. ఇంట్లో ఫంక్షన్ ఉందని టెన్షన్ పడి వారానికే లప్పం పెట్టిస్తే కింది తడి బయటికి రావాలని చూసి లప్పాన్ని నెడుతుంది, బుడగలు లేస్తాయి. ఫంక్షన్‌కు సున్నం కొట్టి కానిచ్చేసి, తర్వాత తీరిగ్గా లప్పం పెట్టించడం మేలు.

లప్పం మందం రూపాయి బిళ్ళంత, అంతకు మించొద్దు. అంతకంటే ఎక్కువ పెడితేనే అంచు సూటిగా వస్తుంది అంటే తప్పు ప్లాస్టరుది, దాన్ని ప్లాస్టరుతోనే సరిచేయాలి. తడి తగిలే చోట తెల్ల సిమెంటు లప్పమే వాడాలి, పీ.ఓ.పీ. (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) వద్దు.

పని అయ్యాక మూల దగ్గర పగులు వచ్చింది. భయపడాలా?

పగులు ఎటు పోతోందో చూడండి. అంచు వెంబడి వెంట్రుకంత గీత ప్లాస్టరు ముడుచుకున్నదే, రంగు వేసేటప్పుడు నింపితే పోతుంది. పై మూల నుంచి ఏటవాలుగా గోడ మీదికి ఎక్కే పగులు వేరు. అది లింటెల్ సరిగా ఆనలేదనో, పక్క గోడ దిగుతోందనో చెబుతుంది. పగులు చివర పెన్సిల్‌తో గీత పెట్టి తేదీ రాయండి, రెండు మూడు నెలల్లో గీత దాటి పోతే, లేదా వెడల్పు పెరిగితే ఇంజనీరుకు చూపించండి.

గద్వాల, అలంపూర్ వైపు నల్లరేగడి మీద కట్టిన ఇళ్లలో ఎండాకాలం తెరుచుకుని వానాకాలం మూసుకునే పగుళ్లు ఉంటాయి. నేల ఉబ్బడం, కుంగడం వల్ల వచ్చేవి అవి. వాటిలో గట్టి సిమెంటు నింపితే పక్కన ఇంకోటి వస్తుంది. సాగే గుణమున్న సీలెంట్ వాడాలి, ఇంటి చుట్టూ నీళ్లు నిలవకుండా చూడాలి.

మేస్త్రితో పని ఎలా మాట్లాడుకోవాలి?

గుత్తకు ఇచ్చినా రోజు కూలికి పెట్టినా, అంచుల పని ఎవరిదో ముందే తేల్చుకోండి. మాట్లాడుకోకపోతే సుతారి పెయింటర్ సరిచేస్తాడంటాడు, పెయింటర్ వచ్చి ఇది సుతారి పని అంటాడు, నలిగేది ఇంటివాళ్లు. గోడ కొట్టడం, చెత్త ఎత్తిపోయడం, లింటెల్, అంచు కట్టుబడి, ప్లాస్టరు, గ్రానైట్ బిగింపు ఒక్కొక్కటీ కాగితం మీద రాయించండి. కట్టుబడి అయ్యాక, ప్లాస్టరు వేయకముందు ఒకసారి మీరొచ్చి చూస్తానని చెప్పండి, ఫోటో తీసుకోండి. డబ్బులు కూడా ఆ దశల ప్రకారమే ఇవ్వండి. మంచి పనివాడు దీనికి నొచ్చుకోడు, తన పని కనపడుతుందని సంతోషిస్తాడు.

కొత్త దారి తీశాం కాబట్టి పాత దర్వాజ మూసేస్తున్నాం. ఆ అంచు కనపడకుండా పోతుందా?

పోతుంది, కలిపి కడితే. పాత చౌకట్ తీశాక పక్కల ప్లాస్టరు చెక్కి, నాలుగు వరుసలకు ఒకసారి పాత గోడలోంచి సగం ఇటుక తీసి, ఆ గుంటలోకి కొత్త ఇటుక దూరేలా కట్టాలి. ఒక్కరోజులో పై దాకా లేపొద్దు, నాలుగడుగుల దగ్గర ఆపి మర్నాడు మిగతాది. లింటెల్ కింద చివరి వరుసను రెండు మూడు రోజులు ఆగి, కొత్త కట్టుబడి కాస్త దిగాక, పొడి మాలుతో బిగించి పెట్టాలి. చుట్టూ జాలీ, దాని మీద ప్లాస్టరు. పాత లింటెల్‌ను ఉన్నచోటే ఉండనివ్వండి.